సిగ్నల్ క్యాబిన్ నుండి పాస్‌వర్డు దాకా

కంప్యూటరు భద్రత అనగానే మనలో చాలామంది కళ్ల ముందు మెదిలేది ఎక్కడో చీకటి గదిలో కూర్చుని మన బ్యాంకు ఖాతాను కొల్లగొట్టే ఒక అజ్ఞాత వ్యక్తి రూపం. సినిమాలూ, వార్తాపత్రికలూ కలిసి ఈ చిత్రాన్ని మన మనస్సులలో గాఢంగా ముద్రించాయి. అట్టివాడు లేడని నేననను. కాని మూడు దశాబ్దాలుగా యంత్రాలతోనూ, తీగెలతోనూ సహవాసం చేస్తున్న ఇంజనీరుగా నా అభిప్రాయం కొంత వేరు. మన యంత్రాలకు బయటి శత్రువు వలన కలిగిన నష్టంకన్నా లోపలివారి తొందరపాటు వలన, రికార్డుల పట్ల అశ్రద్ధ వలన కలిగిన నష్టమే ఎక్కువ. ఇందుకు నిదర్శనాలు పరాయి దేశాల గ్రంథాలలో వెదకనక్కరలేదు. నేను పుట్టి పెరిగిన ఖరగ్‌పూర్ పట్టణమూ, దాని మీదుగా దక్షిణానికి సాగే రైలు మార్గమూ కావలసినన్ని చూపుతాయి.

ఈ పట్టణాన్ని చూడని పాఠకుల కొరకు రెండు మాటలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఆ శతాబ్దం ముగిసే వేళకు మేదినీపూర్ జిల్లా ఎర్రమట్టి నేలపై ఒక జంక్షనునూ, పెద్ద వర్క్‌షాపునూ నెలకొల్పనారంభించింది. ఆ పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి మనవాళ్లు కుటుంబాలతో తరలివచ్చారు. 1927లో ఇక్కడ జరిగిన రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన వారిలో, తదుపరి కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరిగారు ఒకరు. నేటికీ గోల్‌బజారులో బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ ఒకే కొట్టు ముందు వినిపిస్తాయి. 1072 మీటర్ల పొడవుగల ఇక్కడి ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూర్ ఆ ఖ్యాతిని అందుకునే దాకా, ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందింది. పట్టణానికి మరొక పక్క, ఒకనాడు స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన హిజ్లీ శిబిరంలో, 1951లో దేశంలోని తొలి ఐ.ఐ.టి. వెలసింది. ఆవిరి ఇంజన్లను విప్పి బిగించిన చేతులూ, కంప్యూటర్ శాస్త్రం బోధించే తరగతి గదులూ ఒకే ఊరిలో ఉండటం వలన, ఇక్కడ పెరిగిన పిల్లవాడికి యంత్రమంటే భయం ఉండదు. అతి నమ్మకమూ ఉండదు.

టోకెను గోళం

నా తండ్రిగారు వర్క్‌షాపులో ఫిట్టరు. వేసవి సెలవులలో ఆయన వెంట బ్రాంచి లైన్లలో ప్రయాణించేటప్పుడు, చిన్న స్టేషనులో బండి వేగం తగ్గగానే ఇంజను డ్రైవరు చేయి చాచి, బెత్తపు రింగుకు తగిలించిన సంచీని అందుకోవడం చూచి అబ్బురపడేవాణ్ణి. ఆ సంచీలో ఉన్నది ఒక లోహపు గోళం. సింగిల్ లైనుపై రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒక్క బండి మాత్రమే ఉండాలి. అందుకొరకు రెండు స్టేషన్లలోనూ నీల్స్ టోకెను యంత్రాలను అమర్చి, వాటిని తీగెతో జతపరిచారు. అవతలి స్టేషను మాస్టరు సమ్మతించి తన యంత్రాన్ని తిప్పనిదే ఇవతలి యంత్రం గోళాన్ని విడువదు. ఒక గోళం బయట ఉండగా రెండవది ఏ యంత్రం నుండీ రాదు. గోళంపై ఆ సెక్షను పేరు చెక్కి ఉంటుంది. అది చేతిలో లేనిదే డ్రైవరు బండి కదలించరాదు.

నేటి యువ ఇంజనీర్లు టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ అని గొప్పగా చెప్పుకునే సూత్రం ఈ గోళంలోనే ఉన్నది. నోటిమాట చాలదు, చేతిలో ఒక వస్తువు ఉండాలి. ఆ వస్తువు నకలు చేయరానిదై ఉండాలి. దానిని ఒక్కరి ఇష్టంతో తీయడం సాధ్యపడరాదు. మన సెల్‌ఫోనుకు వచ్చే ఆరంకెల ఓ.టి.పి. ఈ మూడింటిలో మొదటి లక్షణాన్ని ఎలాగో నెరవేరుస్తుంది. తక్కిన రెండింటిలో ఓడిపోతుంది. ఎందుకనగా, లోహపు గోళాన్ని టెలిఫోనులో చదివి వినిపించడం ఎవరికీ సాధ్యం కాదు. ఓ.టి.పి.ని మాత్రం మన అమాయకులు నిత్యం చదివి వినిపిస్తున్నారు. యు.ఎస్.బి. రూపంలో దొరికే భద్రతా తాళాలు ఈ లోపాన్ని చాలావరకు పూడుస్తాయి. వాటిని చూచినపుడల్లా నాకు ఆ బెత్తపు రింగే గుర్తుకు వస్తుంది.

మూడు మెదళ్ల తీర్పు

రెండవ పాఠం ఇంటర్‌లాకింగ్. 1856లో ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ పేటెంటు పొందిన నాటినుండి దీని మూలసూత్రం మారలేదు. బండి పోవలసిన దారిలోని పాయింట్లన్నీ సరియైన దిశకు తిరిగి, తాళం పడి, ఎదురు దారుల సిగ్నళ్లన్నీ ఎర్రగా ఉన్నప్పుడే ఈ సిగ్నలు ఆకుపచ్చ కావాలి. మొదట ఇనుప కడ్డీలూ, గాళ్లూ ఈ పనిచేశాయి. పిమ్మట రిలేలు చేశాయి. 1985లో బ్రిటన్‌లోని లెమింగ్టన్ స్పా అనే ఊరిలో ఈ బాధ్యతను కంప్యూటరుకు అప్పగించారు. అయితే ఒక్క కంప్యూటరును నమ్మలేదు. మూడు ప్రాసెసర్లు ఒకే లెక్కను విడివిడిగా చేస్తాయి. రెండు ఏకీభవిస్తేనే ఆజ్ఞ వెలువడుతుంది. భేదించినదానిని వెంటనే తొలగిస్తారు. ఆజ్ఞ వెలువడకపోతే ఏమవుతుంది? సిగ్నలు ఎర్రగానే ఉంటుంది, బండ్లు ఆగుతాయి, ప్రయాణికులు తిట్టుకుంటారు. ఎవరికీ ప్రాణహాని లేదు.

2017 నవంబరులో ఖరగ్‌పూర్ స్టేషనులో పాత రిలేల స్థానంలో 800 రూట్లతో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగును ప్రవేశపెట్టారు. రూటు అనగా ఒక సిగ్నలు నుండి మరొక సిగ్నలు వరకు బండి పోగల ఒక నిర్దిష్టమైన దారి. ఎనిమిది వందల దారులలో ఏ రెండు ఒకదానికొకటి అడ్డమో ముందే లెక్కకట్టి, పట్టికలు గీసి, ఒక్కొక్కదానినీ పరీక్షించాలి. ఆసియాలోనే ఇది పెద్దదని ఆనాడు పత్రికలు వ్రాశాయి. పెద్దదనం కన్నా నన్ను ఆకర్షించినది ఆ పరీక్షల ఓపిక.

మన కార్యాలయ కంప్యూటర్లను రూపొందించిన వారికి ఈ పద్ధతి అలవాటు లేదని నా ఫిర్యాదు. రైలు సిగ్నలు పాడైతే ఆపుతుంది. మన సాఫ్ట్‌వేరు పాడైనప్పుడు చాలాసార్లు దారి వదిలేస్తుంది. పాస్‌వర్డు సర్వరు స్పందించలేదని ఎవరినైనా లోనికి అనుమతించిన ప్రోగ్రామును నేను స్వయంగా చూచాను. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. రైలుకు ‘ఆగుట’ అనే సురక్షిత స్థితి ఉన్నది. ఆసుపత్రికీ, విద్యుత్ కేంద్రానికీ అంత సులువైన స్థితి లేదు. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ సర్వర్లను దుండగులు గూఢలిపిలోకి మార్చివేసినపుడు, వైద్యం ఆపడం కుదరదు గనుక, దాదాపు రెండు వారాలపాటు కాగితం, కలంతో ఆసుపత్రిని నడిపారు. కాగితం వాడుక తెలిసినవారు అప్పటికి అక్కడ మిగిలి ఉండటం అదృష్టం.

బహనగా బజార్

ఇక మా ప్రాంతం వారందరి మనస్సునూ కలచివేసిన ఘటనకు వస్తాను. 2023 జూన్ 2, శుక్రవారం సాయంకాలం. షాలిమార్ నుండి చెన్నై వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్ విడిచి, బాలేశ్వర్ దాటి, ఖరగ్‌పూర్ డివిజనులోనిదే అయిన బహనగా బజార్ స్టేషనును సమీపించింది. వేగం గంటకు సుమారు 128 కిలోమీటర్లు. మెయిన్ లైనులో నేరుగా సాగిపొమ్మని హోమ్ సిగ్నలు ఆకుపచ్చగా ఉన్నది. కాని 17వ నంబరు క్రాస్‌ఓవర్ లూప్ లైను వైపు తిరిగి ఉన్నది. ఆ లూప్ లైనులో ఇనుప ఖనిజంతో నిండిన గూడ్సు బండి నిలిచి ఉన్నది. సుమారు ఆరు గంటల యాభై అయిదు నిముషాలకు ఢీకొన్నది. పట్టాలు తప్పిన పెట్టెలు పక్క లైనులో వెళుతున్న యశ్వంత్‌పూర్-హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలపై పడ్డాయి. 290కి పైగా ప్రాణాలు పోయాయి.

ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు కోరమండల్ అంటే ఇంటి బండి. విశాఖకు, రాజమండ్రికి, విజయవాడకు పెళ్లికైనా, చావుకైనా ఎక్కేది దానినే. ఆ రాత్రి రైల్వే క్వార్టర్లలో నిద్రపోయినవారు తక్కువ.

మరునాటి నుండే ఊహాగానాలు మొదలయ్యాయి. విద్రోహం అన్నారు. ఎవరో కంప్యూటరులోకి చొరబడి సిగ్నలు మార్చారన్నారు. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అనే పదం అంతవరకు వినని వారు కూడా దానిలోకి దొంగ ఎలా దూరగలడో టీ దుకాణాలలో వివరించారు. రైల్వే భద్రతా కమిషనరు దర్యాప్తులో తేలినది ఇంతకంటె సాదా విషయం. అందుకే ఇంతకంటె భయంకరమైనది. స్టేషను ఉత్తర భాగంలోని సిగ్నల్ గూమ్టీలో పూర్వమెప్పుడో సర్క్యూటులో చేసిన మార్పులో లోపం జరిగింది. దానికి తోడు, ప్రమాదం నాడు 94వ నంబరు లెవెల్ క్రాసింగు వద్ద విద్యుత్ గేటును మార్చే పనిలో మరొక లోపం జరిగింది. టెర్మినళ్లపై పేర్ల రాత సరిగా లేదు. ఉన్న తీగెకూ, దానిపై వ్రాసి ఉన్న పేరుకూ, పటంలో గీసిన గీతకూ పొత్తు కుదరలేదు. ఫలితంగా, లూప్ వైపు తిరిగి ఉన్న క్రాస్‌ఓవర్ మెయిన్ లైనుకు సరిగా ఉన్నదన్న వార్త ఇంటర్‌లాకింగుకు అందింది.

గమనించండి. ఆ కంప్యూటరు తన తర్కంలో పొరబడలేదు. దానికి చెప్పిన వార్త నిజమైతే, ఆకుపచ్చ దీపం వెలిగించడం ధర్మమే. ఎన్ని ప్రాసెసర్లు ఓటు వేసినా ప్రయోజనం లేదు. అన్నింటికీ ఒకే తీగె ఒకే అబద్ధాన్ని చేరవేసింది. నెట్‌వర్కు భద్రతలో మనం ఫైర్‌వాల్ అనీ, ఎన్‌క్రిప్షన్ అనీ లక్షలు వెచ్చించి కొనేవన్నీ దారిలో దొంగలను ఆపేవి. దారి మొదట్లోనే తప్పుడు సమాచారం బయలుదేరితే, అది పటిష్ఠమైన ఎన్‌క్రిప్షనులో భద్రంగా గమ్యం చేరుతుంది!

ఆ నివేదికలోని మరొక అంశం నన్ను ఎక్కువ బాధించింది. 2022 మే 16న ఇదే డివిజనులోని బాంక్రా నయాబాజ్ స్టేషనులో తప్పు వైరింగు, కేబుల్ లోపం వలన ఇటువంటి సంఘటనే జరిగింది. అక్కడ పెను నష్టం జరగలేదు. ఆ తరువాత సవరణ చర్యలు తీసుకుని ఉంటే బహనగా ప్రమాదం జరిగి ఉండేది కాదని కమిషనరు వ్యాఖ్యానించారు. తప్పించుకున్న ప్రమాదాన్ని మనం అదృష్టం ఖాతాలో వ్రాసి మరచిపోతాము. మన కర్మాగారాలలో కూడా ‘త్రుటిలో తప్పింది’ అన్న రిజిస్టరు చాలాచోట్ల ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉండటాన్ని సుగుణంగా భావించే అధికారులు ఉన్నారు. రిజిస్టరు నిండుగా ఉన్న విభాగంపై నాకు ఎక్కువ నమ్మకం.

సిగ్నల్ విభాగంలో ఒక మంచి ఆచారం ఉన్నది. ఏ పరికరాన్నైనా ముట్టుకునే ముందు స్టేషను మాస్టరుకు డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి. పని ముగిశాక, నేలమీద పాయింటు ఎటు తిరిగి ఉన్నదో, ప్యానెల్‌పై అదే కనబడుతున్నదో లేదో సరిచూచి, రీకనెక్షన్ మెమో ఇవ్వాలి. ఈ సరిచూడటమే ప్రాణం. కంప్యూటరు విభాగాలలో దీనికి ఛేంజ్ మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టి, ఒక ఫారం సృష్టించి, ఫారం నింపడమే పనిగా భావిస్తున్నారు. సంతకాలు ఆరు ఉంటాయి; నేలమీదికి వెళ్లి చూచినవాడు ఒక్కడూ ఉండడు.

రిమోట్‌తో రైలును ఆపవచ్చునా?

అలాగని బయటి శత్రువును కొట్టిపారేయలేము. పోలండులోని వూజ్ నగరంలో 2008లో ఒక పద్నాలుగేళ్ల బాలుడు టి.వి. రిమోట్‌ను మార్చి ట్రాముల పాయింట్లను తిప్పాడు. నాలుగు ట్రాములు పట్టాలు తప్పాయి, 12 మంది గాయపడ్డారు. అదే దేశంలో 2023 ఆగస్టులో కొందరు ఆకతాయిలు రేడియోలో మూడు స్వరాలను వరుసగా పంపి ఇరవైకి పైగా రైళ్లను నిలిపివేశారు. అక్కడ అత్యవసరంగా బండ్లను ఆపడానికి వాడే సంకేతం ఆ మూడు స్వరాలే. దానికి ఏ తాళమూ లేదు. ఎవరు పంపినా బండి విధేయతతో ఆగుతుంది. ఆగడం సురక్షిత స్థితి గనుక ప్రాణహాని జరగలేదు. పాత ఇంజనీర్ల సూత్రం ఇక్కడ కూడా కాపాడింది.

మన దేశంలో ఆర్.డి.ఎస్.ఓ. రూపొందించిన కవచ్ వ్యవస్థలో ఈ జాగ్రత్త తీసుకున్నారు. ఇంజనుకూ, స్టేషనుకూ మధ్య రేడియోలో సాగే సందేశాలను రహస్య తాళాలతో ధ్రువీకరిస్తారు. దీని అభివృద్ధిలో పాలుపంచుకున్న మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్ సంస్థలు మూడూ హైదరాబాదువే కావడం తెలుగువారికి సంతోషకరం. తొలి పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలోని లింగంపల్లి, వికారాబాద్ ప్రాంతంలో జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజనులో ఉండగా ఎదురెదురు బండ్లను నడిపి చూపారు. ప్రమాద సమయానికి బహనగా మార్గంలో కవచ్ లేదు. ఉండి ఉంటే ఆపేదా అని నన్ను చాలామంది అడిగారు. నా అంచనా నిరుత్సాహకరమైనది. సిగ్నలు స్థితిని కవచ్ కూడా ఇంటర్‌లాకింగు నుండే తెలుసుకుంటుంది. ఆ తీగె చెప్పిన అబద్ధమే దానికీ చేరి ఉండేది. కవచ్ అవసరమే, దాని కింద వైరింగు పటం సరిగా ఉండటం మరింత అవసరం.

ప్రభుత్వ రంగంలో మన అనుభవాలు

2010లో వెలుగుచూచిన స్టక్స్‌నెట్ గూర్చి చదివినవారికి, ఇంటర్నెట్‌తో సంబంధం లేని యంత్రం క్షేమం అన్న నమ్మకం సడలి ఉండాలి. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలోకి అది యు.ఎస్.బి. ముక్కల ద్వారా ప్రవేశించి, సెంట్రిఫ్యూజుల వేగాన్ని మారుస్తూ, తెరమీద మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్లు చూపింది. ఆకుపచ్చ దీపం, లూప్ లైను కథే. ఇక్కడ బుద్ధిపూర్వకంగా చేశారు.

మన కూడంకుళం విషయంలో 2019 అక్టోబరు 30న అణువిద్యుత్ సంస్థ ఒక ప్రకటన చేసింది. ఇంటర్నెట్ గల పరిపాలనా నెట్‌వర్కులోని ఒక కంప్యూటరులో హానికర సాఫ్ట్‌వేరు దొరికిందనీ, సెప్టెంబరు 4ననే సెర్ట్-ఇన్ ఈ సంగతి తెలిపిందనీ, రియాక్టరు నియంత్రణకు దానితో సంబంధం లేదనీ దాని సారాంశం. నెట్‌వర్కులను విడదీసి ఉంచిన రూపకర్తలను అభినందించాలి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలోని దులియాజాన్‌లో ఆయిల్ ఇండియా కంప్యూటర్లను స్తంభింపజేసి, 75 లక్షల డాలర్లు అడిగారు. మనవంటి సంస్థలను ఎవరు పట్టించుకుంటారులే అనే ధీమాకు ఈ రెండూ సమాధానాలు.

మా జిల్లా కూడా ఈ చరిత్రకెక్కింది. 2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వాన్నాక్రై, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలు కొన్నింటిని తాకింది. అటు ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు, శ్రీకాకుళం తదితర జిల్లాల పోలీసు కంప్యూటర్లనూ తాకింది. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్టు మందు విడుదల చేసినది అదే ఏడాది మార్చి 14న. రెండు నెలల వ్యవధి ఉన్నది. మందు చేతిలో ఉండి జబ్బు పడటమంటే ఇదే.

మరి మందు రాగానే వేయడమే మార్గమా? ఇక్కడ నాది మధ్యేవాదం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన సవరణ వలన దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో కూలబడ్డాయి. హైదరాబాదు విమానాశ్రయంలో చేతివ్రాత బోర్డింగు పాసులు ఇచ్చారు. కాపలావాడే కాలు అడ్డుపెట్టి పడవేసిన చందం. కావున కర్మాగార యంత్రాలకు ముందు ఒకటి రెండింటిపై సవరణ వేసి, ఒక షిఫ్టు చూచి, ఆపైన మిగిలినవాటికి వేయాలి. మన బల్లలపై ఉండే మామూలు కంప్యూటర్లకు ఈ తాత్సారం అక్కరలేదు; అదే రోజు వేయవచ్చు.

ఎర్రమట్టి, ఎర్తింగు, పాత కంప్యూటరు

హార్డ్‌వేరు గూర్చి నా అభిప్రాయాలు కొందరికి చాదస్తంగా తోచవచ్చు. ఖరగ్‌పూర్ నేల మొరం నేల. విద్యుత్తును సులభంగా పీల్చుకోదు. చైత్ర వైశాఖాలలో సాయంకాలం హఠాత్తుగా వచ్చే కాలబైశాఖి గాలివానలో పిడుగులు మెండు. ఇట్టి చోట ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలంలో నీళ్లు పోసి కాపాడే ఎర్తింగు గొయ్యి లేనిదే ఎంత ఖరీదైన సర్వరైనా అతిథియే. నేను చూచిన ఒక కార్యాలయంలో న్యూట్రల్‌కూ, ఎర్త్‌కూ మధ్య పదిహేను వోల్టులకు పైగా ఉన్నది. రెండు వోల్టులు దాటరాదని మేము పాటించే లెక్క. వారు ఏడాదిలో మూడు హార్డ్ డిస్కులు పోగొట్టుకుని, వైరస్ అని నిర్ధారించి, రెండు రకాల యాంటీవైరస్ కొన్నారు. సమాచారం చెడితే, చెడగొట్టినది వైరస్ అయినా, పిడుగు అయినా, పోయినది పోయినదే. భద్రత అనే మాటలో ఈ రెండూ చేరాలి.

దేశీయ హార్డ్‌వేరు విషయంలో నాకు కొంత పక్షపాతం ఉన్నది. డాక్టర్ ఎ.ఎస్. రావుగారి సారథ్యంలో హైదరాబాదులో 1967లో మొదలైన ఇ.సి.ఐ.ఎల్., 1969 నాటికే టి.డి.సి.-12 కంప్యూటరును అందించింది. నేడు సి-డాక్ వేగా ప్రాసెసర్లను రూపొందిస్తున్నది. సిగ్నలింగు, విద్యుత్తు వంటి రంగాలలో చిప్పు లోపల ఏమున్నదో తెలిసినవారు మనలో కొందరైనా ఉండాలి. బల్లమీది కంప్యూటరుకు ఈ పట్టింపు వ్యర్థం.

సాఫ్ట్‌వేరులో అనాదిగా ఒక దురలవాటు ఉన్నది. కలకత్తా చాందినీ చౌక్ నుండో, సికింద్రాబాదు నుండో కాపీ విండోస్ తెచ్చి వేయించడం. తాళాలవాడే దొంగతాళం చేసి ఇచ్చినట్లు, దానిలో ఏమి కలిపారో ఎవరికీ తెలియదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రం కొత్తదానిని మోయలేకపోతే, లినక్సు వేసి, పిల్లల చదువుకూ, ఉత్తరాలకూ హాయిగా వాడుకోవచ్చు. నేర్చుకోవడానికి వారం పడుతుంది.

ఇక పాస్‌వర్డు. నెలనెలా మార్చమనే ఆజ్ఞ వలన మన ఉద్యోగులు భార్య పేరుకు నెల అంకె చేర్చి, చీటీపై వ్రాసి కీబోర్డు కింద పెడుతున్నారు. బయటపడిన దాఖలా ఉంటే తప్ప తరచుగా మార్పించనవసరం లేదనీ, పొడవే బలమనీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. పొంతన లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కలిపి వ్రాయండి. ఆవకాయ, పట్టా, నెమలి, గొడుగు అన్నట్లు. (ఈ నాలుగూ ఇప్పుడు అచ్చయ్యాయి గనుక, దయచేసి వేరేవి ఎన్నుకోండి.)

ఇంటి పెద్దలకు

చివరగా, ఈ సంచికను ఇంట్లో చదివే పెద్దల కొరకు. పోలీసులమనో, సి.బి.ఐ. అనో వీడియో కాల్ చేసి, మీ పేరున పార్సిలులో మత్తుమందు దొరికిందని బెదిరించి, కెమెరా ముందు నుండి కదలవద్దని, సొమ్ము పంపమని అడిగే మోసం విపరీతంగా పెరిగింది. దీనినే డిజిటల్ అరెస్టు అంటున్నారు. మన చట్టంలో అటువంటి అరెస్టు లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలోనే ఈ మాట చెప్పారు. పదవీ విరమణ చేసినవారే వీరికి ముఖ్య లక్ష్యం. ప్రావిడెంటు ఫండు చేతికి వచ్చే నెల వారికి ఎలా తెలుస్తుందో ఆలోచించవలసిన విషయం.

మా క్వార్టర్ల వైపు మరొక చిక్కు ఉన్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషల సరసన స్థానం కల్పించేందుకు నిర్ణయించింది, సంతోషమే. కాని మా వీధిలోని వృద్ధులకు చేరే హెచ్చరికలు చాలావరకు ఇంగ్లీషులో వస్తాయి. మోసగాడు మాత్రం శుద్ధమైన తెలుగులో, ‘అమ్మా’ అని పిలిచి మాట్లాడతాడు. అందుచేత మేము కొందరం కలిసి, పెద్ద అక్షరాలతో ఒక తెలుగు కాగితం తయారు చేసి పంచాము. అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. ఓ.టి.పి. ఎవరికీ చదివి వినిపించవద్దు. ఫోనులో ఎవరూ అరెస్టు చేయరు. ఎవరైనా భయపెడితే ఫోను పెట్టివేసి పిల్లలకు గాని, పక్కింటివారికి గాని చెప్పండి. సొమ్ము పోతే ఆలస్యం చేయక వెంటనే 1930కి ఫోను చేయండి. మొదటి గంటలో చెబితే సొమ్మును దారిలోనే నిలిపివేసే అవకాశం ఎక్కువ.

ఆ కాగితం ప్రతులు కావలసిన కాలనీల వారు ఈ పత్రిక కార్యాలయానికి వ్రాస్తే పంపగలము. టెలిఫోను పక్కన, కళ్లద్దాలు లేకుండా కనబడే ఎత్తులో అంటించుకోవాలి.